ప్రాజెక్టు బళ్ళోది... జవాబు వంటింట్లోది!

"అమ్మా, రేపటికల్లా ప్రాజెక్టు ఇచ్చెయ్యాలట!"

రాత్రి తొమ్మిదింటికి అంట్లు తోమి, పొయ్యి గట్టు తుడిచి, హమ్మయ్య అనుకుంటున్న వేళకి సరిగ్గా ఈ మాట చెవిన పడుతుంది. బడికెళ్ళే పిల్లలున్న ఏ ఇంట్లో అయినా ఇదే వరస. ఇక నాన్నగారు చెప్పులేసుకుని స్టేషనరీ షాపుకి పరుగు. ఒక చార్టు, ఒక గమ్ము సీసా, ఒక బొమ్మల షీటు. షాపు కట్టేసి ఉంటే నెట్ సెంటర్లో నాలుగు ప్రింట్లు. తల్లి కత్తిరించి పెడుతుంది, తండ్రి అంటిస్తాడు, అన్నయ్య స్కెచ్ పెన్నుతో హెడ్డింగు రాస్తాడు. ప్రాజెక్టు చెయ్యాల్సిన ఆసామీ మాత్రం హాయిగా నిద్రపోతుంటాడు!

మర్నాడు మార్కులు పడతాయి. చార్టు బీరువా మీదికెక్కుతుంది. అంతే సంగతులు.

ఇంతకీ ఆ ప్రాజెక్టులో ఏం చెయ్యమన్నారో మీరెప్పుడైనా చదివారా? పిల్లల తెలుగు వాచకం తీసి, పాఠం చివర "ప్రాజెక్టు పని" అన్నచోట చూడండి. మీ ఊళ్ళో పెద్దవాళ్ళని అడిగి పాటలు రాసుకు రండి, సామెతలు సేకరించండి, పండగ ఎలా చేస్తారో కనుక్కోండి... ఇలాంటివే ఎక్కువ. బడి చదువుని బడి బయట బతుకుతో ముడి వెయ్యాలని 2005లో వచ్చిన జాతీయ విద్యా ప్రణాళిక చెప్పింది. దాని వెనకే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో రాష్ట్ర ప్రణాళిక వచ్చింది, దాన్నిబట్టి పుస్తకాలూ మారాయి. 2014-15లో పదో తరగతికి కూడా నూటికి 20 మార్కులు బడిలోనే వేసే పద్ధతి పెట్టినప్పుడు, ప్రాజెక్టుకీ అందులో వాటా ఇచ్చారు.

అంటే వాళ్ళు అడుగుతున్నది చార్టు కాదన్నమాట. ఇంటినీ ఊరినీ ఒకసారి కొత్తగా చూసి రమ్మంటున్నారు. దానికి కావలసిన సరంజామా ఏ షాపులోనూ దొరకదు. అదంతా మన దగ్గరే ఉంది. ఆశ్చర్యమేమిటంటే, పిల్లలు అడిగితే "నాకేం తెల్సురా, మీ టీచర్నే అడుగు" అని తప్పించుకునేది కూడా మనమే!

ఊరి పేరు విప్పితే...

ఉదాహరణకి రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నాన్నే తీసుకుందాం. బెజవాడ పక్కనున్న ఇబ్రహీంపట్నం కాదు సుమా. హైదరాబాదు నించి నాగార్జునసాగర్ పోయే రోడ్డు మీది ఊరు. అక్కడి పిల్లలు రోజూ నోటు పుస్తకం అట్ట మీద పేరు, తరగతి, ఊరు, జిల్లా రాస్తారు. ఆ రెండు మాటల్లో ఎంత ఉందో చూడండి.

ఇబ్రహీం అంటే గోల్కొండ నేలిన ఇబ్రహీం కులీ కుతుబ్ షా. 1550 నించి 1580 దాకా పాలించాడు. గద్దెనెక్కక ముందు ఏడేళ్ళపాటు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో ఉన్నాడు. అక్కడే తెలుగు మీద ఇష్టం కలిగిందంటారు. ఆయన మీద మన కవులకి ఎంత చనువంటే, ఇబ్రహీంని కాస్తా "మల్కిభరాముడు" చేసేశారు! అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఈయనకే అంకితమిచ్చాడు. ఊళ్ళో ఉన్న పెద్ద చెరువునీ ఆయన పేరుతోనే చెబుతారు. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ కట్టింది కూడా ఆయన హయాంలోనే.

ఇక జిల్లా పేరు. 1978 ఆగస్టు 15న హైదరాబాదు జిల్లాలోంచి పల్లె ప్రాంతాలు విడదీసి కొత్త జిల్లా చేశారు. తర్వాత దానికి కొండా వెంకట రంగారెడ్డిగారి పేరు పెట్టారు. ఆంధ్రప్రదేశ్ ఉప ముఖ్యమంత్రిగా పనిచేసినాయన. 2016లో ఆ జిల్లానీ మళ్ళీ మూడు ముక్కలు చేశారు. ఒక తల్లి అదే ఊళ్ళో, అదే ఇంట్లో ఉంటూ రెండు రాష్ట్రాలు చూసింది. అత్తగారైతే జిల్లా మారడం కూడా చూసి ఉంటుంది. ఇది చరిత్ర పాఠం కాక మరేమిటి?

చెరువు సంగతికొద్దాం. ఏళ్ళ తరబడి నిండని ఇబ్రహీంపట్నం చెరువు 2022 వానలకి నిండి అలుగు పారింది. మత్తడి దుంకుతుంటే చూడ్డానికి జనం కదిలారు. పిల్లలు సెల్‌ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు. కానీ "అలుగు" ఏమిటో, "తూము" ఏమిటో, "శిఖం" అని ఏ భూమినంటారో, చెరువు కింద "ఆయకట్టు" అంటే ఏమిటో ఆ పిల్లల్లో ఎంతమంది చెప్పగలరు? అలుగు అంటే నిండిన చెరువులో ఎక్కువైన నీళ్ళు కట్ట తెగకుండా పొర్లిపోయే చోటు. తూము పొలాలకి నీళ్ళు వదిలే దారి. నీళ్ళు వెనక్కి తగ్గాక బయటపడే చెరువు లోపలి నేల శిఖం. ఏ మడికి ఎప్పుడు నీళ్ళు వదలాలో చూసే మనిషి నీరటి. ఈ మాటలు పుస్తకంలో వెతకనక్కర్లేదు. పొలం పని చేసిన ఏ తాతయ్యనడిగినా, నాట్లేసిన ఏ అవ్వనడిగినా నాలికె చివరే ఉంటాయి. కాగితం మీద చెరువు బొమ్మ వేయించి, ఏది ఎక్కడుంటుందో ఆవిడ చేతనే వేలు పెట్టి చూపించమనండి. కట్ట మీద మైసమ్మ ఎందుకుందో కూడా అడగమనండి. కట్ట తెగితే ఊరు ఉండదు కనక కట్టకి ఒక తల్లిని కాపలా పెట్టుకున్నారని ఆ ముసలమ్మే చెబుతుంది, మనం చెప్పనవసరం లేదు.

సర్వపిండిలో "సర్వ" ఏమిటి?

ఏడో తరగతి చదివే ఒక పిల్ల వాళ్ళ నాయనమ్మని అడిగిందట. "నాయనమ్మా, గీ పిండికి సర్వపిండని పేరెందుకొచ్చింది?" అని. అన్నీ కలుపుతారు కాబట్టి "సర్వ" అనుకుందా పిల్ల. చాలామంది అలాగే అనుకుంటారు. ముసలావిడ నవ్వి, "గదేం ప్రశ్న బిడ్డా, సర్వల అద్దుతం గన్క సర్వపిండి" అంది. సర్వ అంటే గుండ్రటి అడుగున్న గిన్నె అని ఆ పిల్లకి ఆ రోజే తెలిసింది!

ఇంకొన్ని ఇళ్ళల్లో దీన్నే గిన్నెప్ప అంటారు, మరికొన్ని చోట్ల తపాలచెక్క అంటారు. చూశారా, ఎవరి ఇంట్లో ఏ పాత్రలో అద్దితే ఆ పాత్ర పేరే పిండికి పెట్టుకున్నారు. ఈ ఒక్క ప్రశ్న మీద ఆ తరగతి పిల్లలంతా తలా ఒక ఇంట్లో అడిగి రాస్తే, ఎవరి అమ్మమ్మ ఊరు ఏ వైపో చెప్పే పటం తయారవుతుంది.

పిల్లలు పక్కన నిలబడితే చేతులకి ప్రశ్నలు మొదలవుతాయి. బియ్యప్పిండిలో నానేసిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం, ఉప్పు, కరివేపాకు వేసి తడుపుతాం, సరే. గిన్నె లోపల నూనె రాసి పలచగా అద్దుతాం, సరే. మరి వేలితో బొక్కలు ఎందుకు పెడతాం? ఆ బొక్కల్లో వేసిన నూనె పిండి అడుగుకి దిగుతుంది, ఆవిరి బయటికి పోతుంది, అప్పుడు అడుగు ఎర్రగా కరకరలాడుతుంది. ఒకటి దింపాక రెండోది వెంటనే అద్దమేం? కాలుతున్న గిన్నెలో పిండి అతకదు, చెయ్యీ కాలుతుంది. అందుకే గిన్నె వెనకవైపు నీళ్ళు చల్లి చల్లారుస్తాం, లేదా రెండు గిన్నెలు పెట్టుకుంటాం. ఇవన్నీ మనం అడక్కుండానే చేసేస్తున్నాం. ఎందుకు చేస్తున్నామో అడిగే మనిషి ఇన్నాళ్ళకి ఒకరు దొరికారు. విసుక్కోకండి మరి.

తిండితో పాఠం చెప్పడం కొత్తేమీ కాదు. జపాన్‌లో టోక్యో నగరంలో 1937లో కొబయాషి అనే హెడ్మాస్టరుగారు పాత రైలు పెట్టెల్లో ఒక బడి నడిపారు. పిల్లల కేరేజీల్లో సముద్రం నించి వచ్చింది ఒకటీ, కొండల మీంచి వచ్చింది ఒకటీ ఉండేట్టు పెట్టి పంపమని తల్లులకి చెప్పేవారు. మూత తియ్యగానే ఏది ఎక్కణ్ణించి వచ్చిందో పిల్లలు చూసుకునేవారు. ఖరీదైన కూరలు పెట్టమనలేదాయన! ఆ బడి 1945లో యుద్ధంలో కాలిపోయింది. కానీ అక్కడ చదివిన ఒక అమ్మాయి పెద్దయ్యాక 1981లో రాసిన పుస్తకం "రైలుబడి" పేరుతో మన తెలుగులోకి కూడా వచ్చింది. మన డబ్బాలో సముద్రం లేకపోతేనేం? నల్లరేగడిది ఏది, చెరువు కింద పండింది ఏది, దొడ్లో కాసింది ఏది అని అడగొచ్చు. పుంటికూర, జొన్నరొట్టె పెట్టిన రోజున సిగ్గుపడి డబ్బా మూత అడ్డం పెట్టుకునే పిల్లకి ఈ ప్రాజెక్టు మరీ అవసరం.

ఎర్రనీళ్ళు, ముగ్గు చుక్కలు

పెళ్ళికూతురు గుమ్మంలోకి రాగానే దిష్టి తీస్తాం. పళ్ళెంలో నీళ్ళు పోసి, పసుపు వేసి, చిటికెడు సున్నం కలుపుతాం. పచ్చటి నీళ్ళు చటుక్కున ఎర్రబడతాయి. చిన్నప్పట్నించీ చూస్తున్నాం కాబట్టి మనకి వింతగా ఉండదు. పసుపు మరక పడ్డ చీరని సబ్బుతో రుద్దితే ఎర్రగా మారడమూ మనం ఎరిగిందే. "అయ్యో, మరక ముదిరింది" అని కంగారు పడతాం కూడా.

రెండూ ఒకటేనని మీ అమ్మాయికి చెప్పండి. సున్నం, సబ్బు... రెండిట్లోనూ క్షారం ఉంది. పసుపుకి క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది. ఆ ఎర్రటి మరక మీద నిమ్మకాయ పిండితే మళ్ళీ పచ్చబడుతుంది, ఎందుకంటే నిమ్మరసంలో ఆమ్లం ఉంది కనక. పసుపు రాసి ఆరబెట్టిన కాగితం ముక్కలుంటే చాలు. సబ్బునీళ్ళు, మజ్జిగ, చింతపండు పులుసు, బట్టల సోడా అన్నీ ఒక్కొక్క చుక్క వేసి ఏది మారుస్తుందో, ఏది మార్చదో పట్టీ రాసుకోవచ్చు. సైన్సు ప్రాజెక్టు అయిపోయింది, పైసా ఖర్చు లేదు! (సున్నం మాత్రం మీరే కలిపి ఇవ్వండి. కళ్ళల్లో పడితే ప్రమాదం.)

ముగ్గు ఇంకా సరదా. సందు చుక్క ముగ్గు, 7 నించి 4 దాకా పెట్టండి. అంటే మధ్య వరసలో 7, అటూ ఇటూ 6, 5, 4. మొత్తం ఎన్ని చుక్కలు? లెక్కపెడితే 37. ఇప్పుడు వరసలుగా కాక నడిమి చుక్క నించి చుట్లు చుట్లుగా లెక్కపెట్టించండి. నడుమ 1, దాని చుట్టూ 6, ఆ చుట్టూ 12, ఆ పైన 18. చుట్టు చుట్టుకీ ఆరేసి పెరుగుతున్నాయి! మరి 1 నించి 7 దాకా బేసి లెక్కన పెంచి, మళ్ళీ తగ్గించే ఎదురు చుక్క ముగ్గులో? 1, 3, 5, 7, 5, 3, 1. మొత్తం 25. ఇందులో ఎక్కే భాగం 16, దిగే భాగం 9. నాలుగు నాలుగులు, మూడు మూళ్ళు. పిల్లలు లెక్కల పుస్తకంలో చదివే వర్గాలు అవేగా!

ఇదేదో సరదాకి అంటున్న మాట కాదు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో ప్రొఫెసర్ గిఫ్ట్ సిరోమనీ, ఇంకొందరు గణిత పండితులూ కలిసి 1970ల్లో తమిళ స్త్రీలు వేసే కోలాల మీద పరిశోధన చేశారు. కంప్యూటరుకి బొమ్మలు గియ్యడం ఎలా నేర్పాలన్న శాస్త్రంలో ఆ వాకిలి ముగ్గులకి చోటు దొరికింది. వాళ్ళు అడిగింది ఎవర్ననుకున్నారు? చుక్క తప్పకుండా గీత కలిపే మామూలు ఆడవాళ్ళనే.

అన్నిటికీ సైన్సు అంటగట్టకండి

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ మధ్య వాట్సప్‌లో ఒక రకం జాబితాలు తిరుగుతున్నాయి. మట్టెలు పెట్టుకుంటే ఫలానా నరం, గాజులేసుకుంటే ఫలానా రక్తప్రసారం అంటూ ప్రతి ఆచారానికీ ఒక డాక్టరు కారణం! పిల్లలు వాటిని దించేసుకుని ప్రాజెక్టు అంటున్నారు. దయచేసి అలా చెయ్యనివ్వకండి. పసుపూ సున్నమూ మన కళ్ళ ముందు రంగు మార్చి చూపించాయి, అది రాయొచ్చు. చూపించలేనిది సైన్సని రాస్తే అబద్ధం నేర్పినట్టే.

అర్థం అంటే ఎప్పుడూ సైన్సే కానక్కర్లేదు కదా. బతుకమ్మ తొమ్మిది రోజులూ తొమ్మిది పేర్లు. ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై సద్దుల బతుకమ్మతో ముగుస్తుంది. రోజుకో నైవేద్యం, అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు... కానీ ఆరో రోజు ఏమీ పెట్టరు. ఆ రోజు అలిగిన బతుకమ్మ! తల్లి ఎందుకు అలిగింది? ఒక్కో ఇంట్లో ఒక్కో కథ చెబుతారు. ఆ కథలన్నీ రాసుకు రమ్మంటే అదే గొప్ప ప్రాజెక్టు. ఏది నిజం అని తేల్చే పని లేదు. ఏడాదికి ఒక్క రోజైనా అలగడానికి, ఆ అలకని ఇంటిల్లిపాదీ గుర్తించడానికి వీలుండాలని ఏ కాలంలో ఏ ఆడమనిషి అనుకుందో! (నాకైతే ఆ రోజంటేనే ఇష్టం.)

పాటలు కూడా అంతే. పుట్టింటికి తీసుకెళ్ళడానికి వచ్చే అన్న, పంపని అత్త, ఎదురుచూసే చెల్లెలు... చప్పట్లు కొడుతూ పాడేస్తాం గానీ, ఒక్కొక్క చరణం కూర్చుని రాయించి చూడండి. ఎవరు రాశారో పేరుండదు. మీ అత్తమ్మకి వచ్చిన పాట మీకు సగమే వచ్చి ఉంటుంది. మీ అమ్మాయికి పల్లవి మాత్రమే వస్తుంది. సెల్‌ఫోన్‌లో వీడియో తీసినందువల్ల పాట రాదు. పక్కన కూర్చుని, మాట మాటకీ "అంటే ఏంది?" అని అడిగితేనే వస్తుంది.

"మా అమ్మ ఏ పనీ చెయ్యదు"

అన్ని అర్థాలూ తియ్యగా ఉంటాయనుకోకండి. ఒక ప్రాజెక్టు మాత్రం మీ ఇంట్లో కొంచెం గాలి దుమారం లేపొచ్చు. అయినా చేయించమనే చెబుతాను.

బడి ఫారంలో "తల్లి వృత్తి" అని ఒక గడి ఉంటుంది. మనలో చాలామంది అక్కడ "హౌస్ వైఫ్" అని రాస్తాం. పిల్లల్ని అడిగితే "మా అమ్మ ఏ పనీ చెయ్యదు, ఇంట్లోనే ఉంటది" అంటారు. పిల్లల తప్పు కాదది. జనాభా లెక్కల్లో కూడా ఇంటిపని చేసుకునే ఆడవాళ్ళని పని చెయ్యనివాళ్ళ కిందే వేస్తారు!

ఒక ఆదివారం మీ అబ్బాయికి (అమ్మాయికే కాదు, అబ్బాయికి కూడా) ఒక కాగితం ఇచ్చి అరగంట అరగంటకీ గళ్ళు గియ్యమనండి. ఒక వరస అమ్మకి, ఒక వరస నాన్నకి, ఒకటి నాయనమ్మకి, ఒకటి తనకి. ఎవరు ఏ అరగంటలో ఏం చేస్తున్నారో చూసి రాయాలి, అడిగి కాదు. తమాషా ఏమిటంటే అమ్మ గళ్ళు సరిపోవు. పొయ్యి మీద పాలు, చేతిలో దువ్వెన, చెవిన మామగారి పిలుపు... ఒక్క గడిలో మూడు పనులు ఎలా రాయాలి అని వాడే వచ్చి అడుగుతాడు.

ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. 2019లో కేంద్ర ప్రభుత్వం దేశమంతా ఇలాగే, తెల్లవారుజామున 4 గంటల నించి మర్నాడు 4 గంటల దాకా అరగంట లెక్కన సర్వే చేసింది. ఇంటి పనులు చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు వాటి మీదే గడుపుతున్నారనీ, చేసే మగవాళ్ళు 97 నిమిషాలనీ తేలింది. జీతం లేని ఐదు గంటలు! పిల్లల్ని, ముసలివాళ్ళని చూసుకునేది ఇందులో కలపలేదు, దానికి వేరే లెక్క.

ఈ లెక్క సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ప్రమాదంలో చనిపోయిన గృహిణికి ఎంత నష్టపరిహారం ఇవ్వాలన్న కేసులో 2021 జనవరిలో మన తెలుగువారే అయిన జస్టిస్ ఎన్.వి. రమణ తన తీర్పులో ఈ 299నీ 97నీ ఉదహరించారు. 2011 జనాభా లెక్కల్లో ఇంటిపనే తమ ముఖ్యమైన పని అని చెప్పిన ఆడవాళ్ళు దాదాపు 16 కోట్లనీ, మగవాళ్ళు సుమారు 58 లక్షలేననీ కూడా రాశారు. ఇంట్లో ఉండే ఆడవాళ్ళు పని చెయ్యరు, ఇంటికి ఆదాయం తేరు అన్న ఆలోచనే తప్పని ఆ తీర్పు సారాంశం. ఒక మనిషి పోయాక వెల కట్టాల్సి వచ్చింది. మీ అబ్బాయి గళ్ళ కాగితం మీద మీరుండగానే కడుతున్నాడు.

ఆ కాగితం చూసి ఇంట్లో మగవాళ్ళు చిన్నబుచ్చుకుంటే? చిన్నబుచ్చుకోనివ్వండి. అత్తగారి వరస చూస్తే మీరే చిన్నబుచ్చుకునే అవకాశం కూడా ఉంది. డెబ్భై ఏళ్ళ మనిషి పప్పులేరుతూ, బియ్యం చెరుగుతూ, మనవడికి అన్నం తినిపిస్తూ ఎన్ని గళ్ళు నింపిందో!

టైము ఎక్కడిదంటారా

మీరనేది నిజమే. పొద్దున్నే డబ్బాలు, సాయంత్రం ట్యూషన్లు. ప్రాజెక్టుని రాత్రి తొమ్మిదింటికి మొదలుపెడితే షాపు బొమ్మలే గతి. ఇచ్చిన రోజునే "ఎవర్ని అడగాలిరా?" అని ఒక్క ప్రశ్న వెయ్యండి చాలు. మిగతాది కూరలు తరుగుతున్నప్పుడో, బట్టలు మడతపెడుతున్నప్పుడో నడిచిపోతుంది. రాసే పని వాళ్ళదే. అక్షరాలు వంకర పోయినా, కొట్టివేతలు ఉన్నా దిద్దకండి. మనం దిద్దిన చార్టు ఏదో, పిల్ల రాసిందేదో టీచర్లకి చూడగానే తెలిసిపోతుంది.

చార్టు కొన్నవాళ్ళకే ఎక్కువ మార్కులు వేసే టీచర్లూ ఉన్నారు. ఉన్న మాటే. తల్లిదండ్రుల మీటింగులో ఆ సంగతి మెల్లిగా ఎత్తండి, నలుగురు తల్లులు కలిసి అడిగితే వింటారు. పెద్ద పిల్లలుంటే బాలల సైన్స్ కాంగ్రెస్ గురించి కనుక్కోండి. 1993 నించి జరుగుతున్న ఈ కార్యక్రమంలో 10 నించి 17 ఏళ్ళ పిల్లలు తమ ఊరి సమస్య మీదే, తమ భాషలోనే ప్రాజెక్టు చేసి చూపించొచ్చు. అక్కడ మెరిసే చార్టులకి విలువ లేదు.

ప్రాజెక్టు నివేదిక రాసేటప్పుడు "సమాచారం ఎవరి నించి సేకరించారు?" అని ఒక గడి పెడతారు. చాలా కాపీల్లో అక్కడ "గూగుల్" అని ఉంటుంది, కాకపోతే "ఇంట్లోవాళ్ళు" అని ఉంటుంది. ఈసారి రాసేటప్పుడు పక్కన ఉండండి. సర్వపిండి సంగతి చెప్పింది నాయనమ్మ అయితే, నాయనమ్మ అని కాదు, ఆవిడ పేరు, ఇంటిపేరుతో సహా రాయమనండి. ఆవిడ పూర్తి పేరు మనవరాలికి తెలియదని అప్పుడే బయటపడొచ్చు. పోయి అడిగి రమ్మనండి.